వంకాయ రంగు గాజుబుడ్డి

అనగనగా ఒక ఊళ్ళో, అదీ రైలుపట్టాల పక్క ఊళ్ళో, నూకరాజు అని ఒక తాత ఉండేవాడు. స్తంభాలెక్కి తీగలు బిగించడం ఆయన పని. తీగ స్తంభానికి తగలకుండా మధ్యలో బుడ్డి పెడతారు కదా, ఇప్పుడన్నీ పింగాణీవే. వెనకటికి అక్కడక్కడ గాజువి కూడా ఉండేవి. అవంటే తాతకి ప్రాణం.

పాతవి తీసి పారేస్తుంటే ఏరి తెచ్చి, వంటింటి కిటికీలో పేర్చేవాడు. సముద్రం రంగుది, లేతాకు రంగుది, తేనె రంగుది. పొద్దున్నే ఎండ పడితే వంటిల్లంతా రంగులే.

"నా పోపులపెట్టె ఎక్కడ పెట్టుకోను?" అని ఆయన భార్య పైడితల్లి సణిగేది. సణుగుతూనే రోజూ వాటిని తుడిచేది.

ఒక బుడ్డి మాత్రం నీళ్ళలా తెల్లగా ఉండేది. రంగు లేనిది నాకెందుకని తాత ఆవిడకిచ్చేశాడు. ఆవిడ దాన్ని మేడ మీద పెట్టుకుంది, వడియాల గుడ్డ లేచిపోకుండా మూలన బరువుకి.

చాలా ఏళ్ళు గడిచాక తాతకి ఒకటే బెంగ పట్టుకుంది. అన్ని రంగులూ ఉన్నాయి, వంకాయ రంగు లేదు. పాత సామాన్ల కొట్టుకెళ్ళాడు, దొరకలేదు. పాత స్టేషనుకెళ్ళాడు, అక్కడా లేదు. అప్పుడు పట్నంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్ళాడు. "నీ బుడ్లన్నీ ఇచ్చెయ్, ఇది పట్టుకుపో" అన్నాడాయన.

తాత రాత్రంతా దొర్లాడు. పొద్దున్నే లేచి బుడ్లన్నీ సంచిలో సర్దాడు. పైడితల్లి ఈసారి సణగలేదు. బోసిపోయిన కిటికీ చూసి కళ్ళు తుడుచుకుని, వడియాలు పెట్టడానికి మేడెక్కింది, పాపం.

అప్పుడు పెద్ద గాలి లేచింది. "ఏవండీ, ఒక చెయ్యి వెయ్యండి" అని పైనుంచి కేకేసింది. తాత ఏనాడూ వడియాల జోలికి వెళ్ళినవాడు కాదు. ఆ రోజు మాత్రం వెళ్ళి ఒక మూల పట్టుకున్నాడు. అక్కడున్న బుడ్డికి ఏళ్ళనాటి పిండి అట్టకట్టి ఉంది. వేలితో గీకాడు. పంచె కొంగుతో తుడిచి ఎండకి పెట్టి చూశాడు.

నిగనిగలాడే వంకాయ రంగు.

కొన్ని పాత గాజులు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే అలా రంగు తిరుగుతాయట. మరి పైడితల్లికి ఎందుకు తెలీలేదంటావా? పైన పిండి, పైగా రోజూ చూసే కళ్ళు. నువ్వెదిగేది నాకు మాత్రం తెలుస్తోందా, గౌను పొట్టిదయ్యేదాకా?

తాత సంతోషంలో మూల వదిలేశాడు. గుడ్డ లేచింది, వడియాలన్నీ వీధిలో పడ్డాయి, పిల్లలు పచ్చివే ఏరుకు తినేశారు. పైడితల్లి తిడదామని నోరు తెరిచి, పకపకా నవ్వేసింది.

"ఇది నీ బుడ్డి. ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు" అన్నాడు తాత. ఆవిడ సంచి విప్పి, అన్నీ మళ్ళీ పేర్చి, దాన్ని నడిమధ్యన పెట్టింది. ఆ ఎండలో వంటిల్లు ఎంత బాగుందో.

మరి వడియాల గుడ్డ మూలకి బరువేదీ? ప్రతి వేసవిలోనూ అక్కడ కూర్చునేది నూకరాజు తాతే.

కథేమో కంచికి,
బుడ్డేమో కిటికీకి,
తాతేమో మేడపైకి,
బంగారుతల్లి బజ్జోడానికి.