తడిసిన మోకు ముడి

ఐలయ్య చేతుల్లో బలానికి కొదవ లేదు. కుస్తీలు మానేసి జహంగీర్ ఉస్తాద్ దగ్గర మాలిష్ నేర్చుకోవడానికి చేరినప్పటి నుంచి, ఆ బలమే తనను గట్టెక్కిస్తుందని నమ్మాడు. నడుం పట్టేసినవాళ్లు, మెడ తిరగనివాళ్లు వస్తే కుస్తీలు నేర్పే తాలింఖానా అరుగు మీద పడుకోబెట్టి పిండి పిసికినట్టు పిసికేవాడు. కొందరికి నయమయ్యేది. నయం కానివాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కేవాళ్లు కాదు కాబట్టి, వాళ్ల సంగతి అతనికి తెలిసేది కాదు.

పోశం గౌడ్ మాత్రం మళ్లీ మళ్లీ వచ్చాడు. కల్లు గీసే మనిషి. తాటిచెట్టు దిగుతూ జారి, కిందపడకుండా కుడిచేత్తో వేలాడాడు. ఆసుపత్రిలో ఎముక బాగానే ఉందన్నారు. భుజం మాత్రం చెవి వైపు ముడుచుకుపోయింది, చెయ్యి పైకి లేవడం లేదు. కల్లు పారే రోజులు దగ్గర పడ్డాయి. అప్పటికి చెట్టెక్కలేకపోతే ఆయన వంతు చెట్లు ఇంకొకరికి పోతాయి. ఆయనకు మరో పని రాదు.

"ఇయ్యాల గుంజి తీరుత కాకా. పండ్లు గట్టిగ కరిచిపట్టు" అన్నాడు ఐలయ్య.

ముడుచుకున్న భుజాన్ని కిందికి నొక్కి, చేతిని పైకి లాగాడు. పోశం కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజం ఇంకా బిగుసుకుంది.

ఐలయ్యకు తల కొట్టేసినట్టయింది. చాయ్ తాగుతున్న ఉస్తాద్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మీరు నేర్పిన పట్లన్నీ పట్టిన ఉస్తాద్. నా బలమంత పెట్టిన. ఆ భుజమే మొండిది."

ఉస్తాద్ లేచి వచ్చాడు గానీ భుజం చూడనేలేదు. పోశం పక్కన పడి ఉన్న మోకును చూశాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడు అది. చెయ్యి నయమైతే అటు నుంచి అటే చెట్ల దగ్గరికి పోదామని, పాపం, రోజూ వెంట తెచ్చుకుంటున్నాడు.

"వానకు తడిసి ముడి బిగిసింది. ఒక్క చేత్తోని ఇప్ప వశమైతలేదు" అన్నాడు పోశం సిగ్గుపడుతూ.

"ఇప్పు బేటా" అన్నాడు ఉస్తాద్.

ఐలయ్య రెండు కొసలూ పట్టుకుని గుంజాడు. పళ్లతోనూ లాగాడు. ముడి గచ్చకాయంత అయి కూర్చుంది.

ఉస్తాద్ తాడు అందుకున్నాడు. లాగలేదు. అటు తాడునూ ఇటు తాడునూ ముడిలోకే మెల్లగా నెట్టాడు. నెట్టి, కాసేపు అలాగే పట్టుకున్నాడు. ముడి ఉబ్బి వదులైంది. వేలు దూరింది. ఊడివచ్చిన మోకును గోడ మీద ఎత్తుగా ఉన్న మేకుకు తగిలించి, చాయ్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఐలయ్య తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత పోశం వెనక కూర్చుని, మోచేతి కింద చెయ్యి వేసి, ముడుచుకున్న భుజాన్ని చెవి వైపే ఇంకొంచెం జరిపి పట్టుకున్నాడు.

"ఇదేంది బిడ్డా, దించుమంటే ఇంకింత ఎక్కిస్తున్నవు?"

"నొస్తుందా కాకా?"

ఆ మాట అతను అడగడం అదే మొదటిసారి. పోశం తన భుజం వైపు చూసుకుని, "లేదు" అన్నాడు.

ఐలయ్య కదలకుండా పట్టుకునే ఉన్నాడు. చాలాసేపటికి పోశం నిట్టూర్చాడు. అరచేతి కింద బిగువు సడలింది. భుజం దానంతటదే కిందికి దిగింది.

"ఇగ పోయొస్త" అంటూ పోశం లేచాడు. ఐలయ్య గబుక్కున మోకు అందుకోబోతే, ఉస్తాద్ వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"నీ చేతుల పని అయిపోయింది బేటా."

పోశం మేకు వైపు చూశాడు. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది.