పోలినాయుడు కారు మీద నీళ్ళొదులుకున్న వైనం

పూసలవలసలో అందరికంటే తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళోవాళ్ళు ఏం చెబుతారో తెలీదు గానీ, పోలినాయుణ్ణి అడిగితే మాత్రం క్షణం ఆలోచించకుండా తన ఇల్లే చూపిస్తాడు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పోలినాయుడు, అతని భార్య అచ్చియ్యమ్మ, తమ్ముడు గవరయ్య. దేవుడు ముగ్గురికీ తెలివి సమానంగా పంచి పెట్టాడు. అందుకే ఆ ఇంట్లో ఒకళ్ళ తెలివి చూసి ఇంకొకళ్ళు కుళ్ళుకోవడం అన్నది ఎప్పుడూ లేదు.

"జనానికి చెవులున్నాయి గానీ మాట వినరు. మేం అలాక్కాదు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అనేవాడు పోలినాయుడు.

అదీ నిజమే. ఓసారి ముగ్గురూ బస్సెక్కితే కండక్టరు ముందుకి జరగండి, ముందుకి జరగండి అని అరిచాడు. జరిగారు. ఇంకా జరగమన్నాడు. ఇంకేముంది, ముందు తలుపులోంచి కిందికి దిగి, బస్సుకి ఎదురుగా నిలబడి, రోడ్డు మీద ఇంకా ముందుకి జరుగుతూ పోయారు. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ విసుగొచ్చి పక్కనుంచి వెళ్ళిపోయాడు. ముగ్గురూ ఇంటికి నడిచొచ్చారు. అంత జనంలో కండక్టరు మాట విన్నది మనమేనని పోలినాయుడు ఆ వారమంతా చెప్పుకుని మురిసిపోయాడు.

అతనికి ఉన్న దిగులల్లా ఒక్కటే, తమ్ముడి పెళ్ళి. అమ్మా నాన్నా పోయాక గవరయ్యని చంకనెత్తుకుని పెంచింది అతనే. వాడికేమో సంబంధాలు వచ్చినట్టే వచ్చి పోతున్నాయి. ఆఖరిసారి వచ్చిన పెద్దమనిషి అబ్బాయి ఏం చేస్తూంటాడని అడిగాడు. మీతో మాట్లాడుతున్నాడు కదండీ అని చెప్పాడు పోలినాయుడు. ఆయన కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. ఎందుకు లేచాడో ముగ్గురికీ ఈనాటికీ అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లో పెళ్ళిళ్ళ పేరయ్య మంచి కబురు తెచ్చాడు. కొండపాలెం దాలినాయుడికి ఒక్కతే కూతురు, పేరు నూకరత్నం. ఆయనకి ఆస్తులు అక్కర్లేదట, మచ్చలేని కుటుంబం అయితే చాలట. గురువారం మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి వస్తున్నాడు.

అంతే, ఇంట్లో మచ్చల వేట మొదలైంది. అచ్చియ్యమ్మ తన చెంప మీద పుట్టుమచ్చకి సున్నం రాసుకుంది. అది చురచుర మండుతోంటే, మచ్చ ఊడొస్తోంది కాబోలని సంతోషించింది. మాగిన అరటిపళ్ళ మీద మచ్చలున్నాయని గెల గెలంతా అవతల పారేసి, పచ్చి కాయలు పళ్ళెంలో పెట్టింది. గవరయ్యని నిలబెట్టి, వెనకా ముందూ తిప్పి చూశారు. బాగానే ఉన్నాడు. అప్పుడు పోలినాయుడి చూపు వాకిట్లో కారు మీద పడింది.

అది తెల్ల కారు. ఎవరో వాడి వాడి అమ్మేస్తే ఎంతో ముచ్చటపడి కొన్నాడు. బాదం చెట్టు కింద పెట్టాడు. ఆ చెట్టు మీద కాకులకి ఆ కారంటే ప్రాణం. తెలుపు మీద మచ్చలు పడడం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు మచ్చల మధ్య అక్కడక్కడా తెలుపు కనిపిస్తోంది.

గురువారం పొద్దున్నే గవరయ్య బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. చెంబు ముంచేలోపు సందు చివరనుంచి మైకు కట్టిన ఆటో వచ్చింది. నీటి ఎద్దడి వల్ల పూసలవలస మున్సిపాలిటీ పరిధిలో ఇళ్ళ దగ్గర కార్లు కడగరాదనీ, కడిగినవారి మీద చర్య తీసుకుంటారనీ చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

గవరయ్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. పోలినాయుడు కాసేపు ఆలోచించి నవ్వాడు. కార్లు అన్నారు గానీ కారు అనలేదు కదా, మనకున్నది ఒక్కటే కారు కదా అన్నాడు. అచ్చియ్యమ్మ మొగుడి వంక మెచ్చుకోలుగా చూసింది. ముగ్గురూ నడుం బిగించి పనిలోకి దిగబోతోంటే, ఆటో వెనకే స్కూటరు మీద వస్తున్న శానిటరీ ఇనస్పెక్టరు వరహాలు బ్రేకు వేశాడు. ఒక్క కారైనా సరే కుదరదు, ముందు బకెట్టు లోపల పెట్టండి అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు.

పక్కింటి సన్యాసిరావు మాస్టారు గోడ మీంచి ఇదంతా చూస్తున్నాడు. పెళ్ళివారొచ్చే వేళ అని జాలిపడి, పోలినాయుణ్ణి దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"వరహాలు మరీ అంత రాయేమీ కాదు. ఆఫీసుకెళ్ళి కాస్త చెయ్యి తడుపు. చూసీ చూడనట్టు ఊరుకుంటాడు."

ఇంత సులువని పోలినాయుడు అనుకోలేదు. అచ్చియ్యమ్మ ఇత్తడి చెంబు తళతళా తోమి నీళ్ళు నింపి ఇచ్చింది. ఆఫీసులో మనుషులు ఎంతమంది చేతులు తడపమంటారోనని ఇంకో మరచెంబు కూడా ఇచ్చింది. అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు.

వరహాలు బల్ల ముందు కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. పోలినాయుడు దండం పెట్టాడు. ఆయన కుడిచెయ్యి రెండు చేతుల్తో మర్యాదగా పట్టుకున్నాడు. ఎవరో తెలిసినవాడే కాబోలని ఇనస్పెక్టరు కూడా నవ్వాడు. గవరయ్య వెనకనుంచి చెంబెత్తి మణికట్టు దాకా తడిసేట్టు ధారగా పోశాడు. బల్ల మీద కాగితాలన్నీ పడవల్లా తేలాయి. ఎడం చెయ్యి కూడా ఇటిస్తారేటండీ అని పోలినాయుడు వినయంగా అడిగాడు.

ఇనస్పెక్టరు చెయ్యి విదిలించుకున్నాడు. ఆ తర్వాత ఎవరు పంపారు, ఏం కావాలి అని గద్దించాడు. పోలినాయుడు బెదిరిపోయి తమ్ముడి వంక చూశాడు. గవరయ్యకి కంగారొస్తే దాహమేస్తుంది. వాడు మరచెంబెత్తి గటగటా తాగుతున్నాడు.

"నీళ్ళు నమలకుండా సంగతేటో చెప్పు," అన్నాడు ఇనస్పెక్టరు.

గవరయ్య చెంబు దించి మూతి తుడుచుకున్నాడు. "నమలడం లేదండి. మింగుతున్నాను."

అప్పటికి ఇనస్పెక్టరుకి ఓపిక అయిపోయింది. వీళ్ళు పొద్దుటి కారు వాళ్ళేనని గుర్తుపట్టాడు. తలుపు వైపు వేలు చూపించాడు.

"ఆ కారు మీద ఇంక నీళ్ళొదులుకోండి. పొండి."

పోలినాయుడికి కళ్ళు చెమర్చాయి. చూడ్డానికి కోపిష్టిలా ఉన్నా ఎంత మంచి మనసు అనుకున్నాడు. కారు మీద నీళ్ళొదులుకోండి అని తన నోటితోనే అన్నాడు, అదీ అందరూ వింటూండగా. చెయ్యి తడిపితే పనవుతుందని మాస్టారు ఊరికే అనలేదు. అన్నదమ్ములిద్దరూ పరుగున ఇంటికొచ్చారు.

ఇంకేముంది, బకెట్లు బయటికొచ్చాయి. కాగులొచ్చాయి. అచ్చియ్యమ్మ సాంబారు కోసం తీసిన నీళ్ళు కూడా తెచ్చింది. కారు పైనుంచి గుమ్మరించారు. గుడ్డ పెట్టి రుద్దబోయిన గవరయ్య చెయ్యి పట్టుకుని అన్న ఆపాడు. ఇనస్పెక్టరు గారు వదలమన్నారే గానీ రుద్దమనలేదు కదా అన్నాడు. అవును సుమా అని వాడు వెనక్కి తగ్గాడు. మీద పేరుకున్న దుమ్ము, కాకుల సరుకూ కలిసి చిక్కగా కిందికి జారి, కారు ఇంటి గోడకి కొట్టిన పేడలా తయారైంది. కాస్త ఆరితే తెల్లబడుతుందని ముగ్గురూ నిలబడి చూస్తున్నారు.

తెల్లబడేలోపు వరహాలు మళ్ళీ వచ్చాడు. వాకిట్లో మడుగు చూశాడు. తన మాట వీళ్ళకి ఎలా అర్థమైందో పోలినాయుడు వివరంగా చెప్పాక ఆయన మొహం ఎర్రబడింది. వీధి వీధంతా వినేట్టు చాలాసేపు తిట్టాడు. మళ్ళీ ఈ కారు మీద ఒక్క నీటి చుక్క కనిపించిందా, కారు పట్టుకుపోతాను అన్నాడు. అది చివరి మాట అని కూడా చెప్పాడు.

ఆయన వెళ్ళాక మాస్టారు గోడ మీంచి తొంగిచూసి, పాపం బాగా కడిగేశాడు కదయ్యా అన్నాడు. గవరయ్య చొక్కా తడిమి చూసుకుని, లేదండీ పొడిగానే ఉన్నాను అన్నాడు.

ముగ్గురూ పాత చీరలు తెచ్చి కారు మీద ఒక్క చుక్క లేకుండా ఒత్తి తుడిచారు. మట్టి మాత్రం ముట్టుకోలేదు, దాని గురించి ఇనస్పెక్టరు ఏమీ అనలేదు కాబట్టి. హమ్మయ్య అనుకుని వీధరుగు మీద కూలబడ్డారు. అప్పుడు ఆకాశం ఉరిమింది.

నెలల తరబడి మొహం చాటేసిన వాన ఆ పూటే రావాలా. పడమట మబ్బు నల్లగా లేచింది. ఊరంతా సంతోషంగా బయటికొచ్చి ఆకాశం వంక చూస్తోంటే, పోలినాయుడు కారు వంక చూశాడు. చుక్క పడితే కారు పోతుంది. అంతే, ఇంట్లో ఉన్న బొంతలు, దుప్పట్లు, పెళ్ళినాటి పట్టుపంచె, తలుపు తెరలు అన్నీ కారు మీదికెక్కాయి. అచ్చియ్యమ్మ గొడుగు పట్టింది. ముందు భాగానికి గుడ్డ చాలకపోతే గవరయ్య తనే బోర్లా పడుకుని చేతులు చాచి కప్పేశాడు. వాన దబదబా అందుకుంది.

దాలినాయుడు సరిగ్గా ఆ వానలోనే బస్సు దిగి వచ్చాడు. నెత్తిన తువ్వాలు వేసుకుని గుమ్మం ముందు నిలబడి, బొంతల కుప్పనీ, దాని మీద పడుకున్న పెళ్ళికొడుకునీ, గొడుగు బొంతలకి పట్టి తను తడుస్తున్న ఇల్లాలినీ చూశాడు. ఏమిటిదని అడిగాడు. చుక్క పడకుండా కాస్తున్నామండీ అన్నాడు పోలినాయుడు. తడిస్తే శుభ్రపడుతుంది కదయ్యా అన్నాడు దాలినాయుడు. శుభ్రపడితే పట్టుకుపోతారండీ అని గవరయ్య పడుకున్న చోటినుంచే చెప్పాడు.

దాలినాయుడు ఇంక ఇంట్లోకి అడుగు పెట్టలేదు. తనని బస్టాండు దాకా దింపితే చాలన్నాడు.

పోలినాయుడికి ఏడుపొచ్చినంత పనైంది. ఈ సంబంధం కూడా పోయింది. కనీసం మర్యాదైనా దక్కాలని ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కానీ కారు వానలో వెళ్ళాలంటే బొంతలు తియ్యకూడదు. అందుకని బొంతలతోనే బయల్దేరాడు. అద్దానికి అడ్డంగా పట్టుపంచె ఉంది కాబట్టి దారి కనపడదు. అచ్చియ్యమ్మా గవరయ్యా చెరో పక్కా బొంత చెంగులు పట్టుకుని పరిగెడుతూ, కుడికి, ఎడమకి అని కేకేస్తున్నారు. ఇద్దరూ కారు వైపు తిరిగి ఎదురెదురుగా ఉండడంతో ఒకళ్ళ కుడి ఇంకొకళ్ళకి ఎడమైంది. కారు ఇద్దరి మాటా విని పాములా మెలికలు తిరిగింది. వెనక దాలినాయుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

సందు మలుపులో మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. ఆడవాళ్ళు బిందెలతో పక్కన వరసకట్టి ఉన్నారు. వరహాలు గొడుగేసుకుని కాపలా ఉన్నాడు. కారు మెల్లగానే వెళ్ళింది గానీ తిన్నగా వెళ్ళి ట్యాంకరు కొళాయికి తగిలింది. కొళాయి ఊడింది. నీళ్ళు ఏనుగు తొండంలోంచి వచ్చినట్టు వచ్చి, బొంతల్నీ పంచెనీ ఎగరగొట్టి, కారుని పైనుంచి కిందిదాకా ముంచేశాయి. ఆడవాళ్ళు బిందెలతో ఎగబడి దొరికినన్ని పట్టుకున్నారు. ధార తగ్గేసరికి ట్యాంకరు ముందు తళతళలాడే తెల్ల కారు నిలబడి ఉంది. ఒక్క మచ్చ లేదు.

పోలినాయుడు దిగి, నీళ్ళు కారుతున్న కారు పక్కన నిలబడి, ఇంటినుంచి ఇక్కడిదాకా ఒక్క చుక్క పడనివ్వలేదండీ అని ఇనస్పెక్టరుకి విన్నవించుకున్నాడు. వరహాలు దగ్గరికొచ్చాడు. తాళం కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చూసి గవరయ్య చెంబు కోసం అటూ ఇటూ వెతికాడు.

అప్పుడు కారు వెనక సీట్లోంచి ఏదో చప్పుడు వినిపించింది. దాలినాయుడు మోకాళ్ళ దాకా నీళ్ళలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. దిగి వచ్చి పోలినాయుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మా నూకరత్నాన్ని ఓసారి పొయ్యి మీద పాలు చూస్తూండమ్మా అని చెప్పి పొలానికెళ్ళాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూస్తూనే ఉంది. చాలా బాగా పొంగాయి నాన్నా అంది. దాన్ని ఏ ఇంటికి పంపినా ఏడిపిస్తారని భయపడ్డాను. ఈ ఇంట్లో ఏడిపించేవాళ్ళు లేరు."

అలా ఖాయమైంది. కారు మున్సిపాలిటీ ఆవరణలోకి పోయింది. పోతే పోయింది గానీ మచ్చ లేకుండా పోయిందని పోలినాయుడు తృప్తిపడ్డాడు. పెళ్ళి కొండపాలెంలో బాగా జరిగింది.

కొత్తకోడలు ఇంటికొచ్చిన రోజున అచ్చియ్యమ్మ హారతి తిప్పి, కుడికాలు లోపల పెట్టమ్మా అంది. నూకరత్నం కుడికాలు గడప లోపల పెట్టింది. పెట్టి ఆగింది. ఎడంకాలు బయటే ఉంది.

అందరూ కాసేపు చూశారు. ఎడంకాలు కూడా పెట్టమని చెప్పాలంటే అచ్చియ్యమ్మకి నోరు రాలేదు, కొత్తకోడల్ని ఎడంకాలు పెట్టమనడం అశుభం కదా. చెప్పకపోతే ఆ పిల్ల కదలదు. గవరయ్య పెళ్ళాం వంక గర్వంగా చూసుకుంటున్నాడు. పోలినాయుడు గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించి, గునపం తెచ్చాడు.

అంతే. గడపనీ, ద్వారబంధాన్నీ, తలుపుతో సహా ఊడబెరికారు. అమ్మాయి కాలు కదపక్కర్లేకుండా వాటినే ఆమె వెనక్కి మోసుకెళ్ళి, వాకిట్లో పాతేశారు. ఇప్పుడు రెండు కాళ్ళూ గడప లోపలే. అచ్చియ్యమ్మ మెటికలు విరిచింది. గవరయ్య తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. పోలినాయుడు దాన్ని గట్టిగా లాగి చూసి, ఇంక భయం లేదన్నాడు.

అంతలో సన్యాసిరావు మాస్టారు అక్షింతలు పట్టుకుని ఆ తలుపు పక్కనుంచి నడిచొచ్చి, వాళ్ళ మధ్య నిలబడ్డాడు. నలుగురూ గొళ్ళెం వంక చూశారు, మాస్టారి వంక చూశారు. గొళ్ళెం పెట్టినట్టే ఉంది. పోలినాయుడు మర్యాదగా దగ్గరికెళ్ళి, ఎలా వచ్చారో తెలీదు గానీ ముందు బయటికెళ్ళి తలుపు కొట్టండి మాస్టారూ, తీస్తాం అన్నాడు.