నూకాలు ముడి

అనగా అనగా, గోదారికి ఇంకా గట్లు లేని రోజులు. ఏటి నడుమ ఒక లంక. లంకలో పొడుగాటి తాటాకు పాక. పాకలో మూడు రాటలు. ఆ రాటలకు పశువుల్ని కట్టేవారు కాదు నాయనా, పిల్లల్ని కట్టేవారు.

మీసం మొలిచే ఈడు మగపిల్లలు, పైట వేసే ఈడు ఆడపిల్లలు. మనసు చెదిరినవాళ్ళు. నవ్వాల్సిన చోట ఏడ్చేవాళ్ళు, ఏడవాల్సిన చోట నవ్వేవాళ్ళు, రెండూ మానేసి గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. కన్నవాళ్ళు పడవలో తెచ్చి, ఆ పాక నడిపే గురువుకి అప్పగించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. బాగుపడ్డాక కబురొస్తుంది. ఆ కబురు ఎప్పటికొస్తుందో గోదారికే తెలియాలి.

గురువు పెట్టిన కట్టుబాట్లు మూడు. పేరు పెట్టి పిలవకూడదు. మాట కలపకూడదు. ముడి వదలకూడదు. పేరు వింటే లోపలున్న గాలి నిద్ర లేస్తుందట! పొద్దున వేపమండలతో దెబ్బలు, మధ్యాహ్నం మిరపపొగ, సాయంత్రం తలమీద పసుపునీళ్ళు. దానికి వైద్యమని పేరు.

ఆ పాకలో గంజి కాచేది, ఊడ్చేది, పిల్లల్ని కట్టేది నూకాలు. ఆమె కొడుకు పోలయ్య కూడా అలాంటి ఈడులోనే అలాగే అయిపోయాడు. తల్లికి కాస్త కునుకు పట్టేసరికి ఏట్లోకి నడిచి వెళ్ళిపోయాడు. కట్టేసి ఉంటే బతికేవాడు కదా అని కుమిలి కుమిలి, పరాయి పిల్లలనైనా కాపాడుకుందామని లంకకి వచ్చింది.

వచ్చి చూస్తే ఏముంది? పిల్లల మణికట్లు పుండ్లు పడి ఉన్నాయి. నూకాలు వాటికి ఆముదం రాసింది. నోరు మాత్రం తగ్గలేదు.

"ఏమే అచ్చియమ్మా, గంజి చల్లారిపోతోంది, తాగవేం? ఒరే గవర్రాజూ, ముంత విసిరావంటే ఈపు చీరేత్తాను!"

అలా పేరు పెట్టి పిలిచింది. అలా మాట కలిపింది. రెండు కట్టుబాట్లు పోయాయి. మాటే రాని అచ్చియమ్మ ఊఁ కొట్టడం మొదలుపెట్టింది. అందర్నీ కొట్టే గవర్రాజు ముంత విసరడం మానేశాడు. నయం చేసిన పేరు మాత్రం గురువు మిరపపొగకి వచ్చింది.

మూడోది గుట్టుగా తెంచింది. తాడుకి వదులు ముడి వేసి, కొస పిల్లల అరచేతిలో పెట్టేది.

"కొస నీ చేతిలోనే ఉంది. భయమేస్తే లాగు. ఊడిపోద్ది."

విచిత్రం ఏమిటంటే, చేతిలో కొస ఉందని తెలిశాక వాళ్ళెవరూ లాగలేదు.

అప్పుడు మూడో రాటకి చినసూరి వచ్చాడు. తిండి లేదు, నిద్ర లేదు. తడిక సందులోంచి ఏటికేసి చూపు. అచ్చం పోలయ్య చూపే.

"అవ్వా, ఏరు ఎంత లోతుంటది?" అని అడిగాడు.

నూకాలు వాడికి మాత్రం వదులు ముడి వేయలేదు. కొబ్బరి పీచు తాడు తెచ్చి, ముడి మీద ముడి, దాని మీద ముడి బిగించింది.

"ఆడికి కొస లేదేంటే అవ్వా?" అన్నాడు గవర్రాజు.

"నీకెందుకురా? గంజి తాగు."

నాళ్ళు గడిచాయి. చినసూరి ఒక పూట ఇంకో ముంత గంజి అడిగాడు. ఒక పూట అచ్చియమ్మని చూసి నవ్వాడు. ఒక పూట, "నాకెప్పుడిత్తావే కొస?" అన్నాడు.

"రేపిత్తాన్లేరా," అంది నూకాలు. మర్నాడూ రేపే అంది. పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుంది. ఆమెకి భయం వదల్లేదు.

ఆ రేపు రాకముందే గోదారికి వరద పొంగి ఎర్రనీరు వచ్చింది. మిట్టమధ్యాహ్నానికి లంక సగం మునిగింది. ఉన్నది ఒక్క పడవ. గురువు దేవుడి పెట్టెని ఎక్కించాడు, తానెక్కాడు, మళ్ళీ పడవ పంపుతానన్నాడు. పంపలేదు.

నూకాలు మోకాటి నీళ్ళలో నిలబడి కేకేసింది.

"అచ్చియమ్మా, కొస లాగవే! గవర్రాజూ, కొస లాగరా! చినసూరీ..."

అక్కడ ఆగిపోయింది. వాడి చేతిలో కొస లేదు.

గాలికి కూలిన అరటి బోదెలు తేలుతున్నాయి. ఊడి వచ్చిన ఇద్దరూ వాటిని పట్టుకున్నారు. గవర్రాజు వెనక్కి తిరిగాడు.

"ఆడి ముడి నేను కూడా లాగుతానే అవ్వా!"

"పోరా! ఆ పిల్లని చూసుకో! కట్టింది నేను, ఇప్పేది నేను!"

నడుంలోతు నీళ్ళలో పాకలోకి వెళ్ళింది. పిల్లల చేతికి చిక్కుతుందని పాకలో కత్తి ఉంచేవారు కాదు. పీచు తాడు తడిసి రాయిలా బిగిసింది. గోళ్ళు ఊడాయి గాని ముడి ఊడలేదు.

చినసూరి గొంతు వాళ్ళిద్దరికీ బయటికి వినిపించింది.

"అవ్వా, నాకు బతకాలనుందే!"

ఇన్నాళ్ళూ నూకాలు వినాలనుకున్న మాట అదే. ఆమె వంగి ముడిని పళ్ళతో పట్టుకుంది.

బోదెలు అవతలి ఒడ్డుకి కొట్టుకుపోయాయి. నీరు తీశాక పడవవాళ్ళు వెళ్ళి చూస్తే పాక లేదు. మూడో రాట ఉంది. రాట దగ్గర అవ్వా మనవళ్ళలా ఇద్దరూ ఊపిరి లేకుండా ఉన్నారు. పీచు తాడుకి రెండు ముడులు ఊడాయి. మూడోది ఊడలేదు. అందులో నూకాలు పన్ను ఇరుక్కుని ఉంది.

గురువు మళ్ళీ వచ్చి పాక వేస్తానన్నాడు. అచ్చియమ్మ ఊరూరా తిరిగి, ఆ పన్ను చూపించి, జరిగింది జరిగినట్టు తన నోటితో చెప్పింది. ఒక్క ఊరూ రాట పాతనివ్వలేదు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో దూడని కట్టినా వదులు ముడే వేస్తారు. దాన్ని నూకాలు ముడి అంటారు. ఇంట్లో ఈడొచ్చిన పిల్లకో పిల్లాడికో మనసు చెదిరితే, తల్లి పక్కన కూర్చుని ముమ్మారు పేరు పెట్టి పిలుస్తుంది. తన కొంగు కొస తీసి ఆ చేతిలో పెడుతుంది. రేపిస్తానని మాత్రం అనదు.