మఠం పొయ్యి కడిగిన రోజు

గంగాధరస్వామికి ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ముందు ఏదో ఒక పని అంటగడతాడు. అది తెలిసి కూడా శిష్యుడు ముద్దన్న ఒక ఉదయం అడిగేశాడు: "సామీ, పెద్దలు పెట్టిన కట్టు మనం దాటొచ్చునా?"

అతని బాధ చౌడమ్మ గురించి. మఠంలో వంట ఆమెదే. ఆ వంటింటి రాతిపొయ్యిని మఠం స్థాపించిన పెద్దస్వామి తన చేతులతో కట్టాడనీ, దాని మసిని కడిగితే ఆయన్ను కడిగేసినట్టేననీ తరాలుగా ఒక కట్టు. ఉత్సవంనాడు భక్తులు ఆ మసినే బొట్టు పెట్టుకుని చక్కగా ఇళ్లకు పోతారు. పొగ మాత్రం చౌడమ్మకు మిగులుతుంది. మసి పేరుకుని పొగగూడు ఎప్పుడో పూడిపోయింది. నిన్న ఆమె చారుగిన్నె కనిపించక తడుముకుంటూ వేళ్లు కాల్చుకుంది. ఇలాగే సాగితే ఉన్న ఆ కాస్త చూపూ పోతుంది.

స్వామి అంతా విని, "ఇటుకపొడి, చింతపండు పట్రా" అన్నాడు.

పొయ్యి ఆర్పించి, రాయి చల్లారాక కొబ్బరిపీచుతో తోమడం మొదలుపెట్టాడు. గూట్లోకి కర్ర పెట్టి పొడిస్తే మసి పెళ్లలు పెళ్లలుగా రాలింది. చౌడమ్మ హడలిపోయింది. "నాకోసం ఇంత పని వద్దు సామీ, ఎట్లో ఓర్చుకుంటా."

"ఓర్చుకున్నది చాల్లే తల్లీ, పక్కకు జరుగు."

ఇంతలో మఠం ధర్మకర్త వీరభద్రప్ప పరుగున వచ్చాడు. "అపచారం! చెయ్యి ఆపండి సామీ! లేకుంటే మీరు పీఠం దిగాల్సొస్తాది!"

కొరివితో తల గోక్కున్నానే అని ముద్దన్న భయపడ్డాడు. అడిగింది తను, పీఠం పోయేది గురువుది. స్వామి మాత్రం భుజం మీది పీఠం శాలువా తీసి, నీళ్లలో ముంచి పిండి, దాంతోనే పొయ్యి తుడవసాగాడు. అది చూశాక ముద్దన్న భయం ఎటుపోయిందో ఏమో, ఒళ్లంతా సంతోషమే. పంచె ఎగ్గట్టి తనూ గూట్లోకి చెయ్యి దూర్చాడు.

వీరభద్రప్ప తల పట్టుకున్నాడు. "ఆ పెద్దసామే వచ్చి చూస్తే ఏమంటాడు సామీ?"

స్వామి తల తిప్పలేదు.

"నిన్న వచ్చింటే ముందు దగ్గేవాడు నాయనా. ఏమన్నా అంటే ఆ తర్వాతే."