పుట్టగొడుగు పట్టీ

అనగనగా పొగడవరాన్ని ఏలే రాజు ఒకాయన ఉండేవాడు. పేరు కువలయసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కోపం ఎక్కువ. నడిపివాడికి తొందర ఎక్కువ. చిన్నవాడు శాంతధ్వజుడికి ఆ రెండూ లేవు, అందుకే వాణ్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. వాడు పొద్దస్తమానం ఆస్థాన క్షురకుడు ఎల్లమంద తాత పక్కన కూర్చునేవాడు. తాత కత్తిని ముందు రాయి మీద నూరి, ఆ తర్వాత తోలుపట్టీ మీద లాగుతుంటే చూడటం వాడికి ఇష్టం.

ఇలా ఉండగా ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు కనకాంబరను ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు. ఆమెను తెస్తానని పెద్దవాడు ఖడ్గం పట్టుకుని వెళ్లాడు, రాలేదు. నడిపివాడు బాకు నూరుకుని వెళ్లాడు, వాడూ రాలేదు. ఇద్దరూ రాళ్లయిపోయారని వలస పక్షులు కబురు తెచ్చాయి. ఇక మూడోవాడు బయలుదేరుతుంటే రాజు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఎల్లమంద తాత తన కత్తినీ తోలుపట్టీనీ వాడి చేతిలో పెట్టాడు.

"చినబాబూ, రాయి కత్తికి పదునుతోపాటు కంటికి కనపడని రంపపు పళ్లు కూడా తెప్పిస్తుంది. ఆ పళ్లు అణిచేది పట్టీ. ఈ రెండోది మరిచిపోయామా, గడ్డం తెగదు, బుగ్గ తెగుతుంది."

శాంతధ్వజుడు ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు. నాలుగో సముద్రంలో అలసిపోయిన వడ్రంగిపిట్ట ఒకటి తెరచాప కొయ్య మీద వాలింది. వాడు తన బియ్యంలోని పురుగులన్నీ ఓపిగ్గా ఏరి దానికి పెట్టాడు. పిట్ట వాడితోనే ఉండిపోయింది. ఏడో సముద్రంలో పెద్ద అల ఒకటి పడవను ముంచి లేపింది. ప్రాణాలైతే దక్కాయి. తోలుపట్టీ మాత్రం ఉప్పునీళ్లలో నాని, ఎండకు ఎండి, అప్పడంలా వంకరపోయి పెళుసెక్కింది.

దీవిలో కోట వాకిట్లో అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. వాడు వాళ్ల పాదాలు తాకి లోపలికి వెళ్లాడు. చిలకకు జామపండు తినిపిస్తున్న కనకాంబర వాణ్ని ఎగాదిగా చూసింది.

"మీరూ కత్తే తెచ్చారా? వాకిట్లో ఇంకో రాయికి చోటు లేదండీ."

వాడు నవ్వి, ఆమె చెప్పేదాకా ఆగాడు. అన్నలిద్దరూ అలా ఆగలేదు. మాంత్రికుడి ప్రాణం ఈ చిలకలోనే ఉందట. దీని కాలికి వాడి గడ్డం వెంట్రుక ఒకటి కట్టి ఉంది. అది తెగి చిలక ఎగిరిపోతే వాడి మాయలన్నీ దానితోపాటే పోతాయి. కాని కత్తి ఆ వెంట్రుకను రవ్వంత పట్టి లాగినా చిలక నొప్పికి అరుస్తుంది, నిద్రపోతున్న మాంత్రికుడు లేస్తాడు. అన్నల పని అలాగే చెడింది. మాంత్రికుడు పడుకుంటే తొమ్మిది రోజులు నిద్రపోతాడు, అందులో ఇది మొదటి రోజు.

శాంతధ్వజుడు కత్తిని రాయి మీద నూరి, తన తల వెంట్రుక ఒకటి పీకి ఆనించి చూశాడు. చర్రున పట్టింది. పట్టీ ఉండి తీరాలి. ఆ దీవిలో పక్షులు తప్ప మరో జంతువు లేదు, తోలు ఎక్కడ దొరుకుతుంది? వాడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"తోలే కావాలా, తోలులాంటిది చాలదా?" అంది వడ్రంగిపిట్ట. "నా ముక్కు ఎంత పొడిచినా మెత్తగా ఆగిపోయే చోటొకటి ఉంది, రా."

అడవిలో ఒక చచ్చిన మానుకు అరలు అరలుగా పుట్టగొడుగులు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటి చేటంత ఉంది. నొక్కితే మేకతోలులా ఉన్నాయి.

మర్నాడు మొదటిదాన్ని కోసి, పైపొర ఒలిచి, బెత్తెడు వెడల్పు పట్టీ తీసి, త్వరగా ఆరుతుందని ఎండలో పెట్టాడు. సాయంత్రానికి అదీ అప్పడమే అయింది.

రెండోదాన్ని నీడన రెండు పలకరాళ్ల మధ్య అణిచిపెట్టి మూడు రోజులు ఆగాడు. చక్కగా, చదునుగా ఆరింది. ఆ సంబరంలో కత్తిని రాయి మీద నూరినట్టే అంచు ముందుకు పెట్టి తోశాడు. పట్టీ రెండు ముక్కలైంది.

ఇంకా మూడు రోజులే మిగిలాయి. మూడోదాన్ని మళ్లీ నీడన, మళ్లీ రాళ్ల మధ్య పెట్టాడు. పక్కగదిలో గురక పలచబడుతోంది. ఆరిందేమో రాయెత్తి చూడమని కనకాంబర ఒకటికి పదిసార్లు అడిగింది.

"చూసినకొద్దీ వంకరపోతుందండీ," అన్నాడు వాడు. నిజానికి వాడి చేతులే ఆ రాయి వైపు పోతుంటే వాటిని ఒళ్లో దాచుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే పట్టీని తీసి, చెట్టు బంకతో చెక్కకు అంటించాడు. పైన జల్లించిన మెత్తటి బూడిద రుద్దాడు. ఈసారి కత్తి వీపు ముందుండేలా, అంచు వెనక జారేలా లాగాడు. అటు ఇరవైసార్లు, ఇటు ఇరవైసార్లు. తల వెంట్రుక ఆనిస్తే ఎప్పుడు తెగిందో కూడా తెలియలేదు.

చిలక జామపండు తింటూనే ఉంది. వాడు కత్తి ఆనించాడు. వెంట్రుక రాలిపోయింది. చిలక నమలడం ఆపలేదు. కాసేపటికి కాలెత్తి చూసుకుని, "ఓహో" అని, కిటికీలోంచి ఎగిరిపోయింది.

ధూమ్రకేశుడు లేచి మంత్రం చదవబోతే ఆవలింత వచ్చింది. మళ్లీ చదవబోతే మళ్లీ ఆవలింతే. శాంతధ్వజుడు ఆ ముసలివాణ్ని కూర్చోబెట్టి, మరే పక్షి కాలికీ కట్టకుండా, ఆ గడ్డం కాస్తా నున్నగా గీసేశాడు.

వాకిట్లో రాళ్లు ఒళ్లు విరుచుకున్నాయి. నడిపన్న మొదట అడిగింది తన బాకు గురించే.

"నేనూ నూరే తెచ్చాను కదరా?"

"నూరావన్నయ్యా. ఆ తర్వాత పని మిగిలి ఉంది."

ముగ్గురు కొడుకులనూ ఒకే పడవలో చూశాక గాని కువలయసేనుడు ఆ గుమ్మం వదల్లేదు. కనకాంబరకూ శాంతధ్వజుడికీ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుక్కి గడ్డం గీయడానికి వచ్చిన ఎల్లమంద తాత పుట్టగొడుగు పట్టీని తిప్పి తిప్పి చూసి, కత్తి ఒకసారి లాగి, తన పాత పట్టీ ఇన్నాళ్లు వేలాడిన మేకుకే దాన్ని తగిలించాడు.

శాంతధ్వజుడు చాలాకాలం రాజ్యమేలాడు. ఏ తీర్పయినా మూడు రోజులు నీడన ఆరనిచ్చాకే చెప్పేవాడట. కథ ఆరిపోయింది పిల్లలూ, ఇక మీరు రాయెత్తి చూడొచ్చు.