సెగ చూడని రేకు

పేరిందేవమ్మగారిని ఏదైనా అడిగితే నోటి నుంచి జవాబు రాదు, చేతికి పని వస్తుంది. పెద్దాపురంలో ఆవిడ ఇంటి వసారాలో రిబ్బను పువ్వులు చేయడం నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళకి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. గులాబీకి ఎన్ని రేకులు పెట్టాలని అడిగిన పిల్లకి కత్తెర అందిస్తారు. అత్తగారితో వేగలేకపోతున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లకి చిక్కుపడిన దారపు ఉండ అందిస్తారు. వేళాకోళానికి మొదలుపెట్టి చివరికి అందరూ నిజంగానే ఆవిణ్ణి గురువమ్మగారని పిలవసాగారు. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ వసారాలో అందరికంటే నేర్పున్న చెయ్యి మాణిక్యానిది. ఆమె భర్త కరెంటు స్తంభం మీంచి పడి చనిపోయి మూడేళ్ళయింది. పదో రోజున అత్తవారి తరఫు ముసలమ్మలు ఆమె తలనిండా పువ్వులు పెట్టారు, తర్వాత వాళ్ళే తీసేశారు. అప్పటినుంచి ఆమె పువ్వు జోలికి పోలేదు. రిబ్బను పువ్వుకి వాసనా లేదు, వాడిపోవడమూ లేదు, కాబట్టి అది పువ్వు కిందికి రాదని తనకు తానే ఒక తీర్పు చెప్పుకుని ఇక్కడికి వచ్చి చేరింది. బడిపిల్లల నాట్యాలకీ, గుమ్మాల తోరణాలకీ ఎన్ని పువ్వులు చేయమన్నా చేసేది. పెళ్ళిజడ పని వచ్చిన రోజున మాత్రం తలనొప్పి అనో, కుళాయి వచ్చే వేళయిందనో చెప్పి చాప మీంచి లేచిపోయేది. ఆమెను లెమ్మన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరైనా అంటారేమోనని ముందే తను లేచేది. మనిషిని అవమానించడానికి ఎదుటివాళ్ళు నోరు విప్పనక్కర్లేకుండా చేసుకోవడం కూడా ఒక విద్యే మరి, ఆ విద్యలోనూ మాణిక్యానిదే పైచేయి.

ఒకనాడు భ్రమరాంబగారు వచ్చి, తన మేనకోడలి పెళ్ళికి రిబ్బను పువ్వుల నిండుజడ కావాలని చెప్పి, ఎర్రటి శాటిన్ రిబ్బను కట్టలు ఇచ్చి వెళ్ళింది. మాణిక్యం అలవాటు ప్రకారం లేచి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాట అడిగేసింది.

“గురువమ్మగారూ, నా చేతి పువ్వు పెళ్ళికూతురి జడకి పనికొస్తుందాండీ?”

ఆవిడ లేచి వచ్చి ఆ రిబ్బను కట్టలన్నీ తీసి మాణిక్యం చేతుల్లో పోశారు. వెళ్ళి మళ్ళీ తన పనిలో కూర్చున్నారు.

ఆ వసారాలో అందరికీ మొదటి పాఠం ఒకటే. శాటిన్ రిబ్బనుని రేకులుగా కత్తిరించగానే అంచుకి కొవ్వొత్తి సెగ చూపించాలి. మంట తాకకూడదు, సెగ తగలాలి. అప్పుడు అంచు సన్నగా కరిగి గట్టిపడుతుంది. చూపించకపోతే పోగులు లేచి, ఒకటి లాగితే పది ఊడివస్తాయి. మాణిక్యం కళ్ళు మూసుకుని కూడా చేయగల పని అది. కానీ ఈసారి కొవ్వొత్తి వెలిగించి, రేకు దగ్గరికి తీసుకెళ్ళి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పటికే ఇది నా చెయ్యి, దానికి తోడు శుభకార్యానికి కాలిన అంచు కూడానా అనుకుంది. రేపు ఆ పిల్ల కాలికి ముల్లు గుచ్చుకున్నా నా పేరే చెప్పుకుంటారని భయపడింది. కొవ్వొత్తి ఆర్పేసింది. పచ్చి అంచుల్ని లోపలికి మడిచి, పోగులు కనిపించకుండా దగ్గరదగ్గరగా కుట్లు వేసి, ఎవరికీ చెప్పకుండా జడ మొత్తం అలాగే పూర్తిచేసింది.

జడ చూడముచ్చటగా వచ్చింది. పేరిందేవమ్మగారు దాన్ని చేతిలోకి తీసుకుని పైనుంచి కిందిదాకా బొటనవేలితో తడుముకుంటూ వచ్చారు. ఒకచోట వేలు ఆగింది. ఆవిడ జడని బుట్టలో పెట్టి, పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు భ్రమరాంబగారు వచ్చింది. నిప్పులు కడిగే ఇంటి మనిషి. జడని చూసి మురిసిపోయి, రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

“ఎంత నేర్పండీ! ఎవరి చెయ్యి ఇది?”

“మాణిక్యం చేసింది” అన్నారు పేరిందేవమ్మగారు.

భ్రమరాంబగారి చూపు వసారా అంతా తిరిగి మాణిక్యం బోసి నుదుటి మీద ఆగింది. ఆవిడ మొహంలో మురిపెం కాస్తా ఎగిరిపోయింది.

“మీ దగ్గర ముత్తయిదువులే కరువయ్యారా పేరిందేవమ్మగారూ?” అంటూ జడని కింద పెట్టబోయింది. పెట్టేటప్పుడు ఆవిడ గాజుకి ఒక పోగు తగులుకుంది. చెయ్యి వెనక్కి లాగినకొద్దీ పోగు సాగుతూ వచ్చింది, దాని వెనక ఇంకొకటి వచ్చింది. పై గులాబీలో ఒక రేకు అందరి కళ్ళముందే సగం విచ్చిపోయింది.

“చూశారా! ఇంకా పిల్ల పీటలే ఎక్కలేదు, అప్పుడే ఊడిపోతోంది. చెయ్యి మంచిది కాకపోతే ఇలాగే ఏడుస్తుంది.”

మాణిక్యం గురువమ్మగారి వైపు చూసింది. ఒక్క మాట సాయం వస్తుందేమోనని చూసింది. ఆవిడ కొవ్వొత్తి, అగ్గిపెట్టె తీసి చాప మీద మాణిక్యం ముందుకి జరిపారు.

మాణిక్యానికి ఏడుపు రావలసింది. రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. ఎదురుగా ఉన్న మనిషి మీద కోపం ఉండనే ఉంది. అంతకంటే పెద్ద కోపం తన మీద. ఆవిడ అనబోయే మాటని ఆవిడకంటే ముందే నమ్మి, ఆ మాటకి సాక్ష్యం తన చేత్తో తనే కుట్టి బుట్టలో పెట్టి ఇచ్చింది కదా!

ఆమె అగ్గిపుల్ల గీసింది. జడని తన ముందుకి లాక్కుని, వేలాడే పోగులు కత్తిరించి, విచ్చిన రేకు అంచుని సెగకి చూపించింది.

“నా చెయ్యి మంచిదేనండీ” అంది తలెత్తకుండా. “సెగ చూపించలేదు, అందుకని ఊడింది. ఎందుకు చూపించలేదో చెప్పనా? మీరేమంటారోనని.” గులాబీని ఆవిడ గాజుల దగ్గరికి పట్టుకెళ్ళింది. “ఇప్పుడు లాగండి.”

భ్రమరాంబగారు చెయ్యి కొంగు చాటుకి తీసుకుంది. “కాలిన వస్తువు పెళ్ళిపిల్ల తలలో పెడతారా ఎక్కడైనా!”

“పెళ్ళిపిల్లని కూర్చోబెట్టేది హోమం ముందే కదండీ. నిప్పంటే అంత భయమైతే ముందు దాన్ని ఆర్పించండి.”

వసారాలో సూదులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. భ్రమరాంబగారు పేరిందేవమ్మగారి వైపు చూసింది, అక్కడా ఆసరా దొరకలేదు. మొహం గంటు పెట్టుకుని, జడ వద్దు గిడ వద్దు అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పెట్టుకునే తల లేని జడని మాణిక్యం వదిలిపెట్టలేదు. కూర్చున్నచోటనే కూర్చుని, కుట్లు విప్పి, ప్రతి పువ్వుకీ ప్రతి రేకుకీ సెగ చూపించి మళ్ళీ కుట్టింది. అన్నీ అయ్యాక, మొదట విచ్చిపోయిన పై గులాబీని జడలోంచి తెంపి, తన కొప్పులో పెట్టుకుంది. ఒకరిద్దరు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళు వేలు తీసేదాకా ఆమె వాళ్ళ వైపే చూసింది. ఆనక పేరిందేవమ్మగారి ఎదుటికి వెళ్ళి నిలబడింది.

“మీరు వేలితో తడిమి చూశారు. అంచులు పచ్చిగా ఉన్నాయని మీకు నిన్ననే తెలుసు. ఆవిడ చేత అన్ని మాటలు పడేదాకా ఎందుకు ఊరుకున్నారండీ? నాకు ముందే చెప్పకూడదా?”

గొంతులో వినయం పాలు తక్కువగానే ఉంది. పేరిందేవమ్మగారు తల పైకెత్తి, కొప్పులో పువ్వు కాస్త పక్కకి ఒరిగి ఉంటే చెయ్యి చాచి సరిచేశారు. ఆ రోజు మాత్రం చేతికి ఏ పనీ అందించలేదు.

“ముందే చెప్పి ఉంటే,” అన్నారు, “పువ్వుల్ని బాగుచేసి ఊరుకునేదానివే.”