చుక్కవ్వ చూసిన బట్టమేక పిట్ట

నల్లమల అడవి ఎక్కడో మబ్బుల్లో మొదలవుతుంది. వెదురు పొదల మీదుగా, టేకు చెట్ల మీదుగా దిగి దిగి, చివరికి ఒక్క చెట్టు కూడా లేని గడ్డి మైదానంలోకి జారిపోతుంది. ఆ అడవిలో దుప్పులు, కొండముచ్చులు, తోడేళ్లు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి.

చుక్కవ్వ ఒక ముసలి దుప్పి. పిట్టలంటే ఆమెకు ప్రాణం. కొండమీది పిట్టలన్నింటినీ చూసింది కానీ, మైదానంలో ఉండే బట్టమేక పిట్టను మాత్రం చూడలేదు. తొలకరి పడ్డాక ఆ పెద్ద పిట్ట ఆడుతుందనీ, ఆ ఆట చూస్తే ఆకలి కూడా గుర్తురాదనీ చిన్నప్పుడు విన్నది. ఇప్పుడేమో తొలకరి పడింది, కళ్లు మసకబారుతున్నాయి. వచ్చే తొలకరికి చూపు ఉంటుందో, ఉండదో!

దుప్పులు కింద మేస్తుంటే చెట్టు మీద కొండముచ్చు కాపలా కాయడం ఆ అడవిలో అలవాటు. చుక్కవ్వ మందకు కొమ్మయ్య అనే కొండముచ్చు కాపలా. పులి తోక కదిలినా చాలు, "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. అందుకే అతనికి కాస్త గర్వం.

"కొమ్మయ్యా, నాతో మైదానానికి వస్తావా? ఆ పిట్టను ఒక్కసారి చూడాలి నాయనా" అంది చుక్కవ్వ.

కొమ్మయ్య పకపకా నవ్వాడు. "ఎదురుగా ఎలుగుబంటి నిలబడ్డా నీకు కనపడదు. పిట్టేం కనపడుతుందే అవ్వా? సరే పద, నేనుండగా నీకేం! ఈ అడవికి కళ్లు నేనే కదా!"

తెల్లవారగానే ఇద్దరూ కొండ దిగారు. దారిలో ఒక పాలపిట్ట రెక్క విప్పింది. ఆకాశం ముక్క ఒకటి కొమ్మ మీద నుంచి ఎగిరిపోయినట్టు అనిపించింది. చుక్కవ్వ ఆగి ఆగి చూసింది. ఉన్నట్టుండి చెట్లు అయిపోయాయి. గాలికి గడ్డి అలలు అలలుగా కదులుతోంది. ఎంత దూరం చూసినా గడ్డే, ఆకాశమే!

"అబ్బ! లోకం ఇంత పెద్దదా!" అంది చుక్కవ్వ. దగ్గర్లో తీతువు పిట్టలు మేస్తున్నాయి. ఆమె అడవి అంచున, వెదురు పొదల పక్కనే మెల్లగా కూర్చుంది. "నువ్వూ కూర్చో నాయనా. ఇవి మనకు అలవాటు పడనీ."

"కూర్చుంటే పిట్ట వచ్చి నీ ఒళ్లో వాలుతుందా?" అన్నాడు కొమ్మయ్య. అంతలో చాలా దూరంలో తెల్లని మెడ ఒకటి అతనికి కనిపించింది. "అదిగో! ఉండు, దగ్గరికెళ్లి చూసొస్తా!"

"వద్దురా! అక్కడ ఎక్కడానికి చెట్టు లేదు..."

వింటేనా! కొమ్మయ్య గడ్డిలో పడి ఉరికాడు. అతను వెళ్లిన వైపు తీతువులు, పూరేడు పిట్టలు అన్నీ బెదిరి లేచిపోయాయి. బట్టమేక పిట్ట కూడా లేచింది. కొమ్మయ్య ఇంకా ముందుకు ఉరికాడు. అక్కడ గడ్డి అతని తలకంటే ఎత్తు. ఇక ఏమీ కనపడలేదు.

భయపడిన పిట్ట అలజడి లేని చోటు వెతుక్కుంటూ మైదానమంతా చుట్టింది. ఒక మూల తీతువులు నిశ్చింతగా మేస్తుంటే చూసి, అక్కడే వాలింది. అక్కడ చుక్కవ్వ రాయిలా కదలకుండా కూర్చుని ఉంది.

పిట్ట ఒక్కో అడుగే వేస్తూ ముందుకొచ్చింది. మసక కళ్లకు కూడా ఈకలు కనపడేంత దగ్గరికి! తోక విసనకర్రలా విప్పింది. మెడ కింద తెల్లని సంచి ఉబ్బి ఉబ్బి గడ్డిని తాకింది. "ఊంమ్..." అని దాని గొంతు మోగితే చుక్కవ్వ గుండెలో కూడా మోగింది. ఒక తెల్లమబ్బు ఆకాశంలో ఉండలేక నేలకు దిగి ఆడుతున్నట్టుంది. చుక్కవ్వ కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోవడానికి కూడా కదలలేదు.

చాలాసేపటికి తీతువులు గట్టిగా అరిచాయి. తోడేలు! పిట్ట ఎగిరిపోయింది. చుక్కవ్వ చటుక్కున వెదురు పొదల్లోకి దూరింది. తోడేలు కొమ్మయ్య ఉన్న వైపు తిరిగింది. అటు అరిచి చెప్పడానికి ఒక్క పిట్ట కూడా లేదు.

కాసేపటికి కొమ్మయ్య రొప్పుతూ కొండవాలుకు చేరి, దొరికిన చెట్టెక్కేశాడు. అతని తోక సగమే ఉంది.

"చూశావా అవ్వా?" అన్నాడు ఏడుపుగొంతుతో.

"చూశాను నాయనా."

"ఎలా ఉంది?"

చుక్కవ్వ చెప్పాలనుకుంది. మెడ చాచి "ఊంమ్..." అని మాత్రం అనగలిగింది. కొమ్మయ్య తన సగం తోక పట్టుకుని మైదానం వైపు చూశాడు. అక్కడ ఉత్త గడ్డే ఊగుతోంది.

నీతి: అందాన్ని తరిమితే అది ఎగిరిపోతుంది, ఓపికతో నిలిచినవారి దగ్గరికి అదే నడిచి వస్తుంది.